వినిపించడం, వినడం: క్రైస్తవ ప్రసార పరిచర్యపై తొంభై ఏళ్ళ వాదం

క్రైస్తవ ప్రసార పరిచర్య మాట వస్తే వాదించేవాళ్ళు రెండు జట్లవుతారు. ఒక జట్టు చేతిలో శ్రోతల ఉత్తరాల కట్ట ఉంటుంది. చర్చి గంట వినబడని దేశంలో ఎవరో రాత్రిపూట రేడియో చెవికి ఆనించుకుని విన్నారని, చావాలనుకున్నవాళ్ళు ఆగిపోయారని, జైలుగదిలో ప్రార్థన నేర్చుకున్నారని ఆ ఉత్తరాలు చెబుతాయి. రెండో జట్టు చేతిలో చిట్టా పుస్తకం ఉంటుంది. నిధులు ఎక్కడివి, స్వస్థత సాక్ష్యాల్లో నిజమెంత, పేదవాడి జేబులోంచి కానుక పేరుతో ఎంత పోయింది అని అది నిలదీస్తుంది. ఉత్తరాలు అబద్ధం కావు, చిట్టా కూడా అబద్ధం కాదు. అయితే ఒకరు శ్రోత గురించి, ఇంకొకరు సంస్థ గురించి మాట్లాడుతుంటే వాదం ఎన్నాళ్ళకీ ఒక చోట కలవదు.

ఈ చర్చను మళ్ళీ మొదటి నుంచి చూడవలసిన అవసరం ఇప్పుడొచ్చింది. ఈ పరిచర్యకు పుట్టుక నుంచీ ఊపిరిగా ఉన్న షార్ట్‌వేవ్ ప్రసారం చాలా చోట్ల ఆగిపోయింది. సీషెల్స్ దీవుల్లోని ఫెబా కేంద్రం 2003లో, ఈక్వడార్‌లో క్విటో దగ్గరి పిఫో కేంద్రం 2009లో మూతబడ్డాయి. మనీలా నుంచి ఆసియా భాషల్లో మాట్లాడిన రేడియో వెరితాస్ ఆసియా 2018లో షార్ట్‌వేవ్ వదిలి ఇంటర్నెట్‌కు మారింది. చేరడమే కష్టమైన రోజుల్లో ‘చేరాం’ అంటే సరిపోయేది. చేతిలో ఫోను ఉన్న మనిషిని చేరడం ఇవాళ గొప్ప కాదు. చేరాక ఏం జరిగిందన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న మొదటి నుంచీ ఉన్నదే. ట్రాన్స్‌మిటర్ల హోరులో ఎవరికీ వినబడలేదు.

కొండల మీంచి, దీవుల మీంచి

1921 జనవరి 2న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ ఒక చర్చి ఆరాధనను ప్రసారం చేసింది. మతప్రసారాల చరిత్ర రాసేవాళ్ళు అక్కడే మొదలుపెడతారు. ఒంటరివాళ్ళ కోసం ప్రసారం అన్న ఆలోచనకు మాత్రం 1931ని మొదలుగా తీసుకోవడం మేలు. ఆ ఏడు రెండు గొంతులు గాలిలోకి వచ్చాయి. ఫిబ్రవరి 12న మార్కోనీ కట్టించిన వాటికన్ రేడియోలో పదకొండవ పయస్ పోపు లోకమంతటినీ ఉద్దేశించి లాటిన్‌లో మాట్లాడాడు. డిసెంబరు 25న ఈక్వడార్ రాజధాని క్విటోలో క్లారెన్స్ జోన్స్, రూబెన్ లార్సన్‌లు హెచ్‌సీజేబీ స్టేషన్ తెరిచారు. అప్పటికి ఆ ఊళ్ళో రేడియో సెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. వినేవాళ్ళు లేనిచోట స్టేషన్ పెట్టడం వెర్రి అని మిషన్ పెద్దలే అనుకునే కాలం. ఆ ఎత్తులో గాలి పలచన కావడంతో యాంటెన్నాల కొసలు నిప్పురవ్వలు చిమ్మి కాలిపోయేవి. ఆ బాధ తప్పించడానికి 1940ల మొదట్లో అక్కడి ఇంజనీరు క్లారెన్స్ మూర్ చతురస్రాకారపు క్యూబికల్ క్వాడ్ యాంటెన్నాను రూపొందించాడు. ప్రపంచమంతటా అమెచ్యూర్ రేడియోవాళ్ళు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత స్టేషన్లు వరస కట్టాయి. ఫార్ ఈస్ట్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1948లో మనీలా నుంచి, ఎల్వా 1954లో లైబీరియా నుంచి, పాల్ ఫ్రీడ్ మొదలుపెట్టిన సంస్థ అదే ఏడు మొరాకో తీరంలోని టాంజియర్ నుంచి ప్రసారాలు ఆరంభించాయి. టాంజియర్ కేంద్రమే తర్వాత మోంటే కార్లోకు మారి ట్రాన్స్ వరల్డ్ రేడియో అయింది. బ్రిటన్‌లో పుట్టిన ఫెబా 1970లో సీషెల్స్‌లో ట్రాన్స్‌మిటర్ నిలిపింది. ఈ చోట్లు చూడండి: దీవులు, రేవులు, కొండకొనలు. సువార్త ప్రకటనకు గాలిలో చోటివ్వని దేశాల సరిహద్దు బయట నిలబడి లోపలికి మాట్లాడటమే ఈ సంస్థల పద్ధతి. స్టేషన్ ఎక్కడ పెట్టాలన్న నిర్ణయంలోనే శ్రోత ఎవరన్నది తేలిపోయింది. సంఘం లేనివాడు, బయటపడలేనివాడు, ఒక్కడే వినేవాడు.

సరిహద్దు ఒకటే కాదు మనిషిని విడదీసేది. అక్షరం విడదీస్తుంది, భాష విడదీస్తుంది. హోండురాస్‌లో మిషనరీగా పనిచేసి జబ్బుపడి తిరిగొచ్చిన జాయ్ రిడర్‌హాఫ్ 1939లో లాస్ ఏంజెలిస్‌లో గాస్పెల్ రికార్డింగ్స్ మొదలుపెట్టింది. లిపి లేని చిన్న భాషల్లో ఆ భాషవాళ్ళ గొంతుతోనే చిన్న సందేశాలు రికార్డు చేసి, చేత్తో తిప్పే ఫోనోగ్రాఫులతో సహా పంపేవారు. తర్వాత కార్డ్‌టాక్ అనే అట్టపెట్టె ప్లేయరు వచ్చింది. దానికి కరెంటూ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. రికార్డును పుల్లతో తిప్పితే పలుకుతుంది. ఈ సంస్థ ఇప్పుడు గ్లోబల్ రికార్డింగ్స్ నెట్‌వర్క్. ఆరువేల పైచిలుకు భాషలు, మాండలికాల్లో దాని రికార్డులున్నాయి. పెద్ద ట్రాన్స్‌మిటర్ల చరిత్రలో ఈ పనికి అడుగుపుటల్లో తప్ప చోటు దొరకదు. అంచున ఉన్నవాడి లెక్కలో చూస్తే మాత్రం ఇదే ముందు వరసలో ఉండాలి.

1970ల్లో డెన్మార్క్‌కు చెందిన విగ్గో సోగార్డ్ ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్‌మాయ్‌లో క్యాసెట్లతో చేసిన పని ఇంకో మలుపు. చదవడం రాని రైతు టేపును ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, నచ్చకపోతే మీట నొక్కి కట్టేయవచ్చు, ఇరుగుపొరుగును కూర్చోబెట్టి మధ్యలో ఆపి మాట్లాడుకోవచ్చు. రేడియో ముందు ఊరికే కూర్చున్న మనిషికి ఇక్కడ ఒక చిన్న అధికారం వచ్చింది.

చాటింపు పక్షం

ఈ చరిత్రను ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గర దారులు చీలాయి. అన్నిటికంటే పాతది, నేటికీ బలమైనది చాటింపు పక్షం. సర్వసృష్టికి సువార్త ప్రకటించమన్న ఆజ్ఞ ఉంది కాబట్టి వినే అవకాశం అందరికీ కల్పించడమే మన పని, ఫలితం దేవునిదే అని వీరి వాదం. 1985లో హెచ్‌సీజేబీ, ఫార్ ఈస్ట్ బ్రాడ్‌కాస్టింగ్, ట్రాన్స్ వరల్డ్ రేడియో వంటి పెద్ద సంస్థలు కలిసి ఒక ఒప్పందానికి వచ్చాయి. 2000 సంవత్సరానికల్లా లోకంలో ప్రతి మనిషికీ అర్థమయ్యే భాషలో రేడియో ద్వారా సువార్త వినే వీలుండాలన్నది లక్ష్యం. పోటీపడే సంస్థలు భాషల్ని పంచుకుని పనిచేయడం చిన్న విషయం కాదు. ఎన్నో భాషలకు రేడియోలో అదే తొలి గొంతయింది.

అయితే పనికి దిగేటప్పుడు లెక్క కావాలి కదా. పదిలక్షల మందికి పైగా మాట్లాడే భాషల్ని ముందు పట్టికలోకి తీసుకున్నారు. ప్రణాళిక వేసేవాడికి ఇది సబబుగానే తోస్తుంది. అడవిలో పాతికవేల మంది మాట్లాడే భాష మాత్రం ఆ పట్టికలో కిందికి జారిపోయింది. అంచున ఉన్నవారి కోసం మొదలైన పని అంకెల దగ్గరికొచ్చేసరికి అంచును మళ్ళీ అంచుగానే ఉంచింది.

ఈ పక్షంలోనే లోపలి నుంచి విమర్శ పుట్టడం దాని బలం. అమెరికాలో మార్కెటింగ్ పరిశోధన నుంచి వచ్చిన జేమ్స్ ఎంగెల్ 1970ల్లో ఒక కొలమానం తయారుచేశాడు. శ్రోత విశ్వాసానికి ఎంత దూరంలో ఉన్నాడో మెట్లుగా గుర్తించి, ఆ మెట్టు దగ్గరే మాట మొదలవ్వాలన్నాడు. సోగార్డ్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. శ్రోతల్ని పరిశీలించకుండా కార్యక్రమం తయారుచేయడం వాళ్ళను గౌరవించకపోవడమే అన్నది ఆయన రచనల సారం. చాటింపు పక్షంలో ఈ మాట నెమ్మదిగానైనా ఇంకింది.

బతుకు పక్షం

బతుకు అవసరాలతో కలిపి వాక్యం చెప్పే రెండో దారికి పునాది లాటిన్ అమెరికాలో పడింది. 1947లో కొలంబియాలోని సుతతెన్సా అనే పల్లెలో హోసే హోవాకిన్ సల్సేదో అనే యువ కాథలిక్ గురువు చిన్న ట్రాన్స్‌మిటర్‌తో రైతులకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాడు. అదే రేడియో సుతతెన్సా. పలక మీద రాసి చూపేందుకు ఇరుగుపొరుగులోనే కాస్త చదువు వచ్చిన ఒకరు సహాయకులుగా ఉండేవారు. రేడియో పలికేది, సహాయకులు రాయించేవారు, పాఠ్యపుస్తకం, ‘ఎల్ కాంపెసినో’ అనే పత్రిక ఇంటికి వచ్చేవి. సేద్యం, ఆరోగ్యం, లెక్కలు, ప్రార్థన అన్నీ ఒకే రోజు పాఠంలో ఉండేవి. నలభై ఏళ్ళు దాటి నడిచి 1989లో ఆగింది.

ఆఫ్రికాలో లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ 1963లో అడిస్ అబాబాలో స్థాపించిన రేడియో వాయిస్ ఆఫ్ ద గాస్పెల్ ఇదే దారిని ఇంకోలా తొక్కింది. నాలుగింట మూడు వంతులకు దగ్గరగా సమాచారం, వార్తలు, విద్య. మిగిలినదే నేరుగా వాక్యం. కార్యక్రమాలు చాలావరకు ఏ దేశానివి ఆ దేశపు స్టూడియోల్లోనే తయారయ్యేవి. దాని వార్తల్ని ఇతర మతాలవాళ్ళూ నమ్మేవారు. 1977 మార్చిలో ఇథియోపియా సైనిక ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని తన ప్రచారకేంద్రంగా మార్చుకుంది. నమ్మకం సంపాదించిన స్టేషనే ప్రభుత్వాలకు ముందు కంటగింపవుతుంది, ముందు పనికొస్తుంది కూడా.

ఈ చరిత్ర మొత్తంలో ఎక్కువసేపు ఆగి చూడవలసినది బొలీవియాలోని రేడియో పియో దోసే కథ. సిగ్లో బెయింతే తగరపు గనుల దగ్గర 1959లో ఓబ్లేట్ అనే కాథలిక్ సభ గురువులు దీన్ని పెట్టారు. ఉద్దేశం దాచుకోలేదు: గని కార్మికుల్లో కమ్యూనిజాన్నీ తాగుడునూ తగ్గించడం. కార్మిక సంఘాల రేడియోలకు పోటీగా వచ్చిన గొంతు ఇది, కార్మికులు దాన్ని అనుమానంగానే చూశారు. కానీ స్టూడియో గని పక్కనే ఉంది. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని మగవాళ్ళు చనిపోవడం, కూలి కోతలు, సైన్యం కాల్పులు కిటికీ అవతలే జరిగాయి. 1967 జూన్‌లో సెయింట్ జాన్ పండుగ రాత్రి సైనికులు కార్మికుల్ని కాల్చి చంపారు. ఆ ఏళ్ళలోనే స్టేషన్ పక్షం మార్చుకుంది. కార్మికులకు బోధించడానికి వచ్చినవాళ్ళు కార్మికుల తరఫున మాట్లాడారు, దాడులు భరించారు. మారిన శ్రోత గురించి పరిచర్య సంస్థలు వేల సాక్ష్యాలు ప్రకటిస్తాయి. శ్రోత వల్ల మారిన స్టేషన్ గురించిన సాక్ష్యాలు అరుదు. పియో దోసే అలాంటిది.

ఈ అనుభవాల వెనక చర్చిల అధికారిక ఆలోచన కూడా కదిలింది. రెండో వాటికన్ సభ ఆదేశంతో 1971లో వెలువడిన ‘కొమ్మూనియో ఎత్ ప్రోగ్రెస్సియో’ పత్రం సమాచార సాధనాల్ని మనుషుల మధ్య సహవాసం కోసం ఉద్దేశించినవిగా చూసింది. ప్రొటెస్టెంట్, ఆర్థొడాక్స్ సంఘాలు ఎక్కువగా ఉన్న ప్రపంచ క్రైస్తవ సమాచార సమాఖ్య 1986లో తన సూత్రాలు ప్రకటించింది. సమాచారం సమాజాన్ని కట్టాలి, అందరూ పాల్గొనేలా ఉండాలి, అన్యాయాన్ని ప్రశ్నించాలి అన్నది వాటి సారం. చాటింపు పక్షం దీనికి చెప్పే జవాబు కూడా తీసిపారేయదగ్గది కాదు: బావి తవ్వడం, అక్షరం నేర్పడం ప్రభుత్వమూ చేయగలదు, మరణం ముందు నిలబడ్డవాడికి చెప్పవలసిన మాట ఎవరు చెబుతారు?

తెర పక్షం, తోడు పక్షం

టెలివిజన్ వచ్చాక మూడో దారి తెరుచుకుంది. అమెరికాలో ‘ఎలక్ట్రానిక్ చర్చి’ అని పేరుపడ్డ ఈ ధోరణి మీద జెఫ్రీ హాడెన్, చార్లెస్ స్వాన్‌ల పుస్తకం 1981లో వచ్చింది. 1984లో అన్నెన్‌బర్గ్, గాలప్ సంస్థలు కలిసి చేసిన అధ్యయనం రెండు సంగతులు తేల్చింది. మతకార్యక్రమాలు చూసేవాళ్ళలో వృద్ధులు, తక్కువ చదువు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళు ఎక్కువ. అయితే వాళ్ళలో అత్యధికులు అప్పటికే విశ్వాసులు. అంటే టీవీ బోధకుడు అంచున ఉన్నవాళ్ళ ఇంటికి నిజంగానే వెళ్ళాడు. ‘తప్పిపోయినవాళ్ళ’ను వెతికాడనడానికి మాత్రం ఆధారం తక్కువ. తెర మీది మనిషి తమతోనే మాట్లాడుతున్నాడన్న భ్రమను హోర్టన్, వోల్ అనే పరిశోధకులు 1956లోనే వివరించారు. ఆ సాన్నిహిత్యం ఒకవైపుదే. ఒంటరి మనిషికి అది ఓదార్పు అవుతుంది, దానికి కానుకల విజ్ఞప్తి తోడైతే ఉచ్చు కూడా అవుతుంది.

భారతదేశం విషయంలో రెండు పుస్తకాలు ఈ చర్చకు దారి వేశాయి. ప్రదీప్ నైనాన్ థామస్ 2008లో, జొనథాన్ జేమ్స్ 2010లో ప్రచురించిన ఈ అధ్యయనాలు విదేశీ చానళ్ళ సొమ్ము, విశ్వసిస్తే సంపద వస్తుందనే ‘సౌభాగ్య సువార్త’, స్వస్థత సభల రాజకీయాన్ని బయటపెట్టాయి. థామస్ విమర్శ పదునైనది: పేదరికానికి కారణాలు అడగనివ్వని ఆశ ఎవరికి ఉపయోగం? జేమ్స్ ఇంకాస్త మెత్తగా, దేశీయ రుచికి మార్చుకున్న టీవీ సువార్తను స్థానిక సంఘాలు ఒకే కంటితో చూడటం లేదని చూపాడు. వీరి విమర్శలో ఎక్కువ భాగం ఒప్పుకోదగ్గదే. కానీ ఇందులో ఒక లోటుంది. ఆ బోధ వింటున్న కూలి మనిషి ఏమనుకుంటున్నాడన్నది ఆ పేజీల్లో పెద్దగా వినిపించదు. తాగుడు మానిన భర్త, ఇంట్లో ఆగిన కొట్లాట, ‘నువ్వు రాజకుమారివి’ అన్న మాట జీవితంలో మొదటిసారి విన్న స్త్రీ – వీటిని మాయ అని కొట్టిపారేస్తే విమర్శకుడు కూడా శ్రోతను వినడం మానేసినట్టే.

నాలుగోది ఇంకా పూర్తిగా రూపు కట్టని ధోరణి. దీన్ని తోడు పక్షం అనుకుందాం. మధ్యప్రాచ్యంలో అప్పటికే ఉన్న సంఘాల కోసం టెరెన్స్ ఆస్కాట్ 1995లో స్థాపించిన శాట్-7, 1996 మే 31న వారానికి రెండు గంటల అరబిక్ ప్రసారంతో మొదలైంది. తర్వాత పారసీక, తుర్కీ భాషలకు, పిల్లల చానల్‌కు విస్తరించింది. ఇరాన్‌లో ఇంటి తలుపులు మూసుకుని చూసే విశ్వాసికి అదే సంఘం. సిరియా యుద్ధంలో బడి పోయిన పిల్లలకు 2014 నుంచి ఇదే సంస్థ తెర మీద అరబిక్, ఇంగ్లిషు, లెక్కలు నేర్పింది. చాటింపుకూ బతుకుకూ మధ్య గోడ ఇక్కడ దానంతటదే పడిపోయింది. ట్రాన్స్ వరల్డ్ రేడియోలో మార్లీ స్పైకర్ 1997లో మొదలుపెట్టిన, ఇప్పుడు ‘విమెన్ ఆఫ్ హోప్’ అంటున్న కార్యక్రమం గడప దాటలేని స్త్రీల కోసం. రేడియోతో పాటు నెలనెలా ఒక ప్రార్థనాపట్టిక దేశదేశాలకు వెళుతుంది. ఒక దేశపు స్త్రీల కష్టం ఇంకో దేశపు స్త్రీల ప్రార్థనలోకి వస్తుంది.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే తేడా ఒక్కచోట స్పష్టంగా తెలుస్తుంది: శ్రోత నుంచి తిరుగు మాట ఎలా వస్తుందన్న దగ్గర. చాటింపు పక్షానికి ఉత్తరం ఫలితానికి రుజువు. బతుకు పక్షానికి శ్రోత కార్యక్రమంలో పాలివాడు, కనీసం అలా ఉండాలని దాని కోరిక. తెర పక్షానికి తిరుగు మాట చాలాసార్లు సాక్ష్యంగానో కానుకగానో మారుతుంది. తోడు పక్షంలో అది ఇంకో శ్రోతకు చేరుతుంది. వేదాంత భేదాల కన్నా ఈ భేదమే ఎక్కువ పని చేసిందని చరిత్ర చూస్తే అనిపిస్తుంది. సుతతెన్సాలో సహాయకులు, చియాంగ్‌మాయ్‌లో ఆపగలిగే టేపు, పియో దోసేలో గని పక్క కిటికీ: నిలబడిన ప్రతి ప్రయత్నంలో శ్రోత దగ్గర్నుంచి వెనక్కి రావడానికి ఒక దారి ఉంది.

తెలుగు శ్రోత

మన దగ్గర ఈ ఆశ రేడియోకు చాలా ముందే నడిచొచ్చింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. కరువు ముగుస్తున్న రోజులు కావడంతో అది ‘అన్నం కోసం’ అన్న అపవాదు అప్పుడే పుట్టింది. కానీ ఆ కదలిక బోధకుడు యెర్రగుంట్ల పేరయ్య వంటివారి నోటి మాటగా, చుట్టరికాల దారిలో, తోలు వ్యాపారపు బాటల వెంట పుష్కరం ముందు నుంచే సాగుతోంది. ఇక్కడ రేడియో వచ్చింది అప్పటికే కీర్తనలు పాడుకునే సంఘాల మధ్యకు.

ఆకాశవాణి భక్తి పాటలకు చోటిచ్చింది కానీ సువార్త ప్రసంగాలకు సమయం అమ్మలేదు. అందుకే తెలుగు వాక్యం సముద్రం దాటి వచ్చింది: శ్రీలంక నుంచి అద్దె సమయంలో, సీషెల్స్ నుంచి ఫెబా ద్వారా, మనీలా నుంచి రేడియో వెరితాస్ ద్వారా. సికిందరాబాద్‌లోని అమృతవాణి కాథలిక్కుల వైపు నుంచి ఈ పనికి ఇంటి కేంద్రమైంది. ప్రసారాల వెంటే పోస్టులో బైబిల్ పాఠాలు, జవాబు కాగితాలు, చివర సర్టిఫికెట్టు వచ్చేవి. పదో తరగతి దాటని ఎందరికో గోడకు తగిలించుకున్న మొదటి సర్టిఫికెట్టు అదే. దాని విలువను వేదాంతంలో కొలవడం కన్నా ఆత్మగౌరవంలో కొలవడం న్యాయం.

1978లో విడుదలైన ‘కరుణామయుడు’ ఇంకో మెట్టు. భీంసింగ్, క్రిస్టఫర్ కోయెల్హోల దర్శకత్వంలో విజయచందర్ యేసుగా నటించిన ఈ సినిమా థియేటర్లు దాటి ప్రొజెక్టర్ల మీద పల్లెలకు, ఇతర భాషలకు వెళ్ళింది. పౌరాణిక చిత్రాల చూపుతో అల్లిన యేసు కథ అది. మరుసటి ఏడు వచ్చి, ఇవాళ రెండువేలకు పైగా భాషల్లో నడుస్తున్న అమెరికన్ ‘జీసస్’ సినిమాకు లేని చనువు దీనికి ఉండటానికి కారణం అదే.

ఉపగ్రహ చానళ్ళతో, తర్వాత యూట్యూబ్‌తో అంతా తలకిందులైంది. ప్రైవేటు ఎఫ్‌ఎం లైసెన్సులు మతసంస్థలకు ఇవ్వరు కాబట్టి సొమ్మూ పోటీ రెండూ టీవీ వైపు మళ్ళాయి. ఆరాధన, శుభవార్త వంటి చానళ్ళలో అరగంట కొనగలిగిన ప్రతి దైవజనుడూ బోధకుడే. ఇక్కడే ఒక ముడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవానికి మారిన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు. కాగితం మీద ఒకటి, ఆదివారం ఇంకొకటిగా బతికేవాళ్ళు ఎందరో. రేడియో చీకట్లో వినవచ్చు; ఎవరికీ చెప్పనక్కర్లేదు. టీవీ మాత్రం సాక్ష్యం అడుగుతుంది, ముఖం అడుగుతుంది, ఊరు పేరు అడుగుతుంది. అంచున ఉన్నవాడికి కనబడటం గౌరవం కావచ్చు, నష్టం కూడా కావచ్చు. 1980ల్లో క్రైస్తవ వేదాంతి అరవింద్ నిర్మల్‌తో మొదలైన దళిత వేదాంతం ఇంకో ప్రశ్న వేసింది: పరలోకం గురించి అంత చెప్పే తెరలు శ్మశానంలో కూడా కులాలవారీ సమాధులుండటం గురించి ఎందుకు మాట్లాడవు?

పోలిక కోసం ఒక లౌకిక ప్రయత్నాన్ని చూడాలి. 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో సంఘం రేడియో మొదలైంది. విత్తనాల గురించి, పాటల గురించి, కూలి గురించి దళిత స్త్రీలే రికార్డు చేసి, వాళ్ళే ప్రసారం చేశారు. దాని పరిధి చుట్టుపక్కల పల్లెలు మాత్రమే. ఖండాలు దాటే ట్రాన్స్‌మిటర్‌కు దొరకని ఒక సంగతి ఆ చిన్న గదిలో దొరికింది: మాట్లాడేవాళ్ళూ వినేవాళ్ళూ ఒకే వాడవాళ్ళు. తెలుగు క్రైస్తవ సంస్థలు దాని నుంచి ఎందుకు నేర్చుకోలేదన్నది వాటినే అడగాలి.

తేలనివి

మొదటి చిక్కు కొలతది. ఉత్తరాలు లెక్కించడం అలవాటైన ప్రమాణం. రాయగలిగినవాడు, స్టాంపు కొనగలిగినవాడు, రాసినందుకు ప్రమాదం లేనివాడే ఉత్తరం రాస్తాడు. అందరికన్నా ఒంటరివాడు అసలు రాయడు. అంటే ఎవరికోసం పని జరుగుతోందో వాళ్ళే లెక్కలో ఉండరు. యూట్యూబ్ వీక్షణల సంఖ్య దీన్ని సరిచేయలేదు; ఎవరు, ఎందుకు, ఎంతసేపు ఆగారన్నది వేదికకు తెలుసు, సంఘానికి తెలియదు.

రెండోది బిగించిన రేడియో ప్రశ్న. ఒకే స్టేషన్ పలికేలా అమర్చిన సౌరశక్తి రేడియోల్ని కెనడాలోని గాల్‌కామ్ వంటి సంస్థలు పంచుతున్నాయి. చవక, మన్నిక, వెతుక్కోనక్కర్లేదు. సుతతెన్సా కూడా రైతులకు అలాంటివే ఇచ్చిందన్నది బతుకు పక్షంవాళ్ళు తరచు మరిచిపోయే సంగతి. ఉత్తర కొరియా ప్రభుత్వం ప్రజలకు ఇచ్చే రేడియోలూ ప్రభుత్వ స్టేషనుకే బిగించి ఉంటాయి. ఆ బిగింపును తప్పుపట్టేవాళ్ళు తమ బిగింపును ఎలా సమర్థించుకుంటారు? ఏమీ లేనివాడికి ఒక గొంతైనా నయమే కదా అన్నది ఒక జవాబు. ఆ గొంతు ఎంపిక అతనిది కాదన్నది ఎదురు జవాబు. వరదల్లో, అంటువ్యాధుల్లో ఆ ఒక్క స్టేషనే ప్రాణం కాపాడే వార్త చెప్పినప్పుడు ఈ వాదం మళ్ళీ తిరగబడుతుంది. దీన్ని పూర్తిగా గెలిచినవారెవరూ లేరు.

మూడోది చెవిటివాళ్ళ సంగతి. వాళ్ళ విషయంలో పరిచర్య చరిత్రంతా దాదాపు మౌనమే. ధ్వని మీద కట్టిన సామ్రాజ్యంలో వాళ్ళకు చోటెక్కడ? అమెరికన్ సంజ్ఞాభాషలో పూర్తి బైబిల్ వీడియోగా సిద్ధమయ్యేసరికి 2020 వచ్చింది. దాదాపు నాలుగు దశాబ్దాల పని. ప్రపంచంలో వందలకొద్దీ సంజ్ఞాభాషలున్నాయి.

నాలుగోది కొత్త శ్రోత సంగతి. గల్ఫ్‌లో ఇళ్ళల్లో పనిచేసే గోదావరి, కడప జిల్లాల స్త్రీలు కొత్తరకం ఏకాంతంలో ఉన్నారు. పాస్‌పోర్టు యజమాని దగ్గర, ఫోను తలగడ కింద. రాత్రి పని ముగిశాక తెలుగు ప్రార్థనా కూటం లైవ్‌లో చేరేవాళ్ళకు అదే ఊరు, అదే పుట్టిల్లు. ఒకప్పుడు మోంటే కార్లో, సీషెల్స్ వెతికిన శ్రోత ఇప్పుడు వాట్సాప్‌లో దొరికింది. ఆమె పంపే ప్రార్థనా విన్నపం ఇదివరకటి ఉత్తరం లాంటిది కాదు. అందులో జీతం ఆపేసిన సంగతి ఉంటుంది, దెబ్బల సంగతి ఉంటుంది, చనిపోవాలన్న మాట ఉంటుంది, వెంటనే జవాబు కావాలన్న ఆత్రం ఉంటుంది.

ఆ విన్నపాన్ని ఎవరు చదువుతారు, ఎంతమందికి పంపుతారు, స్క్రీన్ మీద పేరుతో సహా చూపిస్తారా అన్నదానికి చాలా సంస్థల్లో రాసుకున్న నియమం కనబడదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో దేశంలో చట్టం వచ్చింది. ప్రార్థన కోసం ఇచ్చిన సమాచారం దాని కిందికి ఎలా వస్తుందన్న చర్చ సంఘాల్లో అంతగా వినబడదు. మానసిక సహాయానికి ప్రభుత్వం 2022లో టెలీ మానస్ పేరుతో 14416 నంబరు తెరిచింది. ప్రార్థనా లైనులో అర్ధరాత్రి కాల్ ఎత్తే స్వచ్ఛంద సేవకుడికి ప్రార్థించడం వచ్చు. ఆ నంబరు ఎప్పుడు ఇవ్వాలో నేర్పారా? వార్షిక నివేదికలో కాల్స్ సంఖ్య పక్కన ఆ సంగతి కూడా వేయమని అడిగే విశ్వాసులు ఇంకా ముందుకు రావలసి ఉంది.